తెరకు వీపు పెట్టి రాసిన అధ్యాయం

లోర్న్ హాపాలా తన గురించి చెప్పుకునే దాంట్లో పదో వంతు నిజమైనా సరే, మా ఊరు థండర్ బేలో ఇంకెవరూ పుట్టాల్సిన అవసరం ఉండేది కాదు. పదకొండో తరగతిలో బడి మానేశాడు. మానేశాడని మనమంటాం. అతన్నడిగితే మాత్రం, తనకి నేర్పడానికి ఇంకేమీ మిగల్లేదని పంతుళ్ళే కళ్ళు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చి సాగనంపారంటాడు. పని టైర్ల కొట్లో. అక్టోబరు చివర మొదటి మంచు పడగానే ఊరు ఊరంతా చలికాలం టైర్లు వేయించుకోడానికి వరస కడుతుంది. ఆ పది రోజుల్లో తొమ్మిది వందల బళ్ళకి ఒంటిచేత్తో టైర్లు మార్చానంటాడు. రెండో చెయ్యి ఏం చేసిందిరా అంటే, కాఫీ పట్టుకుందంటాడు.

ఇలాంటివాడికి, ఉన్నది ఉన్నట్టు తప్ప ఇంకో అక్షరం రాయకూడని పని దొరికింది. జీతం లేదు, బత్తెం లేదు. అయినా పద్దెనిమిదేళ్ళు చేశాడు.

'టిన్ అడ్మిరల్' అని ఒక వీడియో గేమ్ ఉంది. రెండు వేల రెండులో వచ్చింది. అందులో హీరో రేకుతో చేసిన నౌకాధిపతి. రేకు టోపీ, రేకు మీసం. పోగొట్టుకున్న ఓడలను వెతుక్కుంటూ దీవులన్నీ తిరుగుతాడు. తడిస్తే తుప్పు పడతాడు, నూనె పోసుకుంటే మళ్ళీ కదులుతాడు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. తయారుచేసినవాళ్ళు రెండేళ్ళకే దుకాణం కట్టేశారు. కానీ ఆడినవాళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు. వాళ్ళంతా కలిసి ఒక సైటు పెట్టుకున్నారు. పేరు 'ది బిల్జ్'. ఓడ అట్టడుగున మురుగునీళ్ళు చేరే చోటుని అలా అంటారు. తమ గురించి తమకి బాగానే తెలుసన్నమాట.

ఆ సైటులో రాసేవాళ్ళు పదకొండు మంది. ఏ దీవిలో ఎటు వెళ్ళాలి, ఏ తాళానికి ఏ చెవి, ఏ రాక్షసుణ్ణి ఎక్కడ కొట్టాలి అని మెట్టు మెట్టుగా గైడ్ రాసి పెడతారు. వాళ్ళందరి నెత్తిన కూర్చున్నావిడ జిజెల్ ఆర్సెనో. కాపుస్కేసింగ్‌లో భూముల రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేసి రిటైరైంది. సర్వే రాయి అడుగు పక్కకి జరిగినా నిద్రపట్టని మనిషి. ఆవిడ ఆ సైటుకి పెట్టిన కట్టుబాటు ఒకటే. గైడ్‌లో ప్రతి మెట్టు చివరా రాసినవాడి పొడి అక్షరాలు ఉండాలి. వాటి పక్కన, ఆ మెట్టుని తన చేత్తో ఎన్నిసార్లు ఆడి చూశాడో ఆ అంకె ఉండాలి. 'లో.హా. × 4' అంటే, లోర్న్ హాపాలా నాలుగుసార్లు చేసి చూసి రాశాడని అర్థం. ఒక్కసారైనా చెయ్యనిది రాయకూడదు. చేసినదానికంటే ఎక్కువ వెయ్యకూడదు.

రెజైనాలో ఒకడు మూడుసార్లు చేసి పద్నాలుగని వేశాడు. ఎలా పట్టుకుందో ఏమో, ఆరేళ్ళుగా అతను రాసిన పేజీలన్నీ ఒక్క పూటలో తీసేసింది. ఆ పేజీలుండే చోట ఒకే ఒక్క వాక్యం పెట్టింది: "ఇక్కడ రాసినవి నమ్మదగినవి కావు." అది చదివినప్పుడు లోర్న్ తింటున్న పాన్‌కేక్ గొంతులో అడ్డం పడింది.

ఎందుకంటే ఆ సైటు మొత్తంలో అందరూ నెత్తిన పెట్టుకునేది లోర్న్ రాసిన ఆఖరి అధ్యాయాన్నే. అందులో ప్రతి మెట్టు చివరా ఒకటే అంకె ఉంటుంది. అరవై ఒకటి.

అసలు అంకె సున్నా.

ఆఖరి అధ్యాయమంతా తుపానులో చిక్కుకున్న ఓడ మీద జరుగుతుంది, చివర తుప్పు తిమింగలం అనే రాక్షసితో పోరాటం. తెర మొత్తం ఎడమకీ కుడికీ ఊగుతుంది, ఆగకుండా ఊగుతుంది. లోర్న్‌కి అది పడదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున పుట్టి, తాత ముత్తాతలంతా చేపలు పట్టిన వంశంలోంచి వచ్చి, టీవీలో బొమ్మ ఓడ ఊగితే వాంతి చేసుకునేవాడు ఈ భూమ్మీద ఇతనొక్కడే. మొదటిసారి ఆడినప్పుడు ఒకటిన్నర నిమిషం నిలబడ్డాడు. రెండోసారి కంట్రోలర్ పాడైంది, ఎలాగో చెప్పనక్కర్లేదు. దాంతో కంట్రోలర్ తీసుకెళ్ళి బావ డంకన్ మెక్‌వికర్ చేతిలో పెట్టి, తను తెరకు వీపు పెట్టి సోఫా మీద తిరగబడి కూర్చున్నాడు. బావ ఆడతాడు, తను వింటాడు, రాసుకుంటాడు.

డంకన్ లోర్న్ అక్క రిత్వా మొగుడు. ఊరి మంచు తోసే బండి నడుపుతాడు. మాటకింత అని పన్ను కడుతున్నవాడిలా మాట్లాడతాడు. "ఏమవుతోంది బావా?" అంటే "ఆడుతున్నా" అంటాడు. "తిమింగలం వచ్చిందా?" అంటే "ఆఁ" అంటాడు. ఇంక గత్యంతరం లేక లోర్న్ చెవులు రిక్కించాడు. చెక్క ఎన్నిసార్లు మూలిగితే ఓడ ఎటు ఒరుగుతోందో, గంట ఏ గొంతుతో మోగితే తుప్పు తిమింగలం నోరు తెరుస్తుందో అంతా చప్పుళ్ళని బట్టే రాశాడు. మిగతా సైట్లన్నీ కళ్ళకి కనపడేదాన్ని రాస్తే, ఇతను చెవికి వినపడేదాన్ని రాశాడు. అందుకే ఆ అధ్యాయం అంత పేరు తెచ్చుకుంది. తెర అంత గొడవగా ఊగుతుంటే ఎవడికైనా కళ్ళకంటే చెవులే అక్కరకొస్తాయి మరి.

డంకన్ మొత్తం తొమ్మిదిసార్లు ఆడాడు. ఆ తొమ్మిదిసార్లూ తను ఆ గదిలోనే ఉన్నాడు గనక అవి తనవి కూడా అనుకున్నాడు లోర్న్. కానీ తొమ్మిది చూడ్డానికి మరీ బక్కచిక్కినట్టు అనిపించింది. అరవై వేద్దామంటే కోతలా ఉంటుంది. ఒకటి కలిపితే నిజంగా లెక్కపెట్టినట్టుంటుందని అరవై ఒకటి వేశాడు.

గేమ్ వచ్చి ఇరవయ్యేళ్ళు అయిన సందర్భంగా అభిమానులంతా ఎక్కడైనా కలుద్దామన్నారు. ఊరుకోవచ్చు కదా! "మా ఊరు రండి, కర్లింగ్ క్లబ్బు హాలు నా మాట మీద నడుస్తుంది" అని మొదట రాసింది లోర్నే. కర్లింగంటే మంచు గచ్చు మీద బరువైన రాళ్ళు జార్చే ఆట. ఏప్రిల్ దాటితే ఆ మంచు కరిగించేస్తారు, హాలంతా ఖాళీ సిమెంటు గచ్చు. ఎవరడిగినా ఇస్తారు. జిజెల్ సరేనంది. రెండ్రోజుల తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది.

"మిస్టర్ హాపాలా, శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి మీరు ఆఖరి అధ్యాయాన్ని సభ ముందు ఆడి చూపిస్తారు. హాలిఫాక్స్ నుంచి డెస్మండ్ పర్డీ గారు ప్రత్యేకంగా దీనికోసమే వస్తున్నారు. ఆయన చూపు లేనివారు. మీ గైడ్ విని ఆ అధ్యాయం దాటారు. అరవై ఒక్కసార్లు ఆడినవారికి అరవై రెండోసారి కష్టం కాబోదు."

లోర్న్ ఆ ఉత్తరాన్ని టైర్ల కొట్లో నిలబడి చదివాడు. తర్వాత ఒక టైరు మీద కూర్చున్నాడు. ఆడకపోతే సున్నా బయటపడుతుంది. ఆడితే వాంతితో సహా బయటపడుతుంది. ఎటు చూసినా పద్దెనిమిదేళ్ళ పేజీలన్నీ పోయి వాటి స్థానంలో ఆ ఒక్క వాక్యం మిగులుతుంది. ఇంతా చేసి అతనికి లోకంలో పేరున్న చోటు అదొక్కటే. మిగతా చోట్లన్నిటా అతని మాట వినగానే సగానికి కోసేసుకుంటారు. బిల్జ్‌లో మాత్రం అతను రాసిన ప్రతి మెట్టునీ అక్షరం పొల్లుపోకుండా నమ్ముతారు.

సాయంత్రం డంకన్ గ్యారేజీకి వెళ్ళాడు. డంకన్ బండి కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రమే బయట.

"బావా, చిన్న సాయం."

"కుదరదు."

"ఇంకా అడగందే!"

"నీ బూట్ల నడకలోనే తెలిసింది."

లోర్న్ గచ్చు మీద చతికిలబడి అంతా చెప్పాడు. తను ముందు కూర్చుని కంట్రోలర్ పట్టుకుంటాడు, అది ఉత్తదే. అసలుది బావ చేతిలో ఉంటుంది. కర్లింగ్ క్లబ్బులో మేడ మీద బారుంది, దానికి నిలువెత్తు అద్దం ఉంది. అక్కణ్ణుంచి కింద హాలంతా, తెరతో సహా కనిపిస్తుంది. తీగ లేని కంట్రోలర్ అంత దూరం పనిచేస్తుందని నిన్ననే వెళ్ళి చూసుకున్నాడు. తను నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వాటి వెనక కళ్ళు మూసుకుంటాడు. నోటితో మాత్రం గైడ్ మొత్తం అప్పజెబుతాడు.

బండి కింద పానా గచ్చు మీద పెట్టిన చప్పుడైంది.

"ఇంత తెలివి బడిలో ఎందుకు చూపించలేదురా?"

"చూపించా. అందుకే పంపేశారు."

డంకన్ జారుకుంటూ బయటికొచ్చాడు. చేతులు తుడుచుకున్నాడు. "చేస్తా. కానీ ఆ చేప కథ మానెయ్."

"ఏ చేప కథ?"

"లోర్నూ."

"సరే, సరే. ఆ చేప కథ."

పదహారేళ్ళ క్రితం మార్చి నెలలో డంకన్ చేపలు పట్టడానికి గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తుంటే, ఒడ్డుకి నాలుగడుగుల దూరంలో మంచు పగిలి మోకాలు దాకా దిగబడ్డాడు. పైకి లేచాడు. ఒక బూటు పోయింది. జరిగింది ఇంతే. లోర్న్ నోట్లో పడ్డాక అదే సంగతి ఇలా అయింది: మంచు తోసే బండంత పైక్ చేప ఒకటి డంకన్‌నీ, చేపలు పట్టడానికి మంచు మీద వేసుకున్న అతని గుడిసెనీ, గుడిసెలో వెలుగుతున్న పొయ్యినీ కలిపి మింగకుండా పళ్ళ మధ్య పట్టుకుని, మంచు అడుగునే ఈదుకుంటూ అమెరికా వాళ్ళ దీవి దాకా లాక్కుపోయింది. అక్కడ పాస్‌పోర్టు లేదని అధికారులు డంకన్‌ని వెనక్కి పంపించారు. చేపని మాత్రం ఉండనిచ్చారు.

"మొన్న పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళా," అన్నాడు డంకన్. అతని జన్మలో అంత పొడుగు ప్రసంగం అదే. "నా నోట్లో సూది పెట్టి, ఇప్పుడైనా పాస్‌పోర్టు చేయించుకున్నారా అన్నాడు. నోరు తెరిచి ఉంది. తిట్టడానిక్కూడా లేదు. మా కొత్త ఫోర్‌మాన్ చెయ్యి కలిపి, ఓహో, పొయ్యితో సహా వెళ్ళింది మీరేనా అన్నాడు. పదహారేళ్ళురా! నేను చచ్చిపోతే పేపర్లో కూడా ఆ చేపే వస్తుంది, నేను రాను."

"మానేశా. ఈ క్షణం నుంచీ మానేశా."

"ఇంకోసారి ఆ కథ నా చెవిన పడిందా, ఎక్కడుంటే అక్కడ కంట్రోలర్ కింద పెట్టేస్తా. ఓడ మునిగినా సరే."

"ఒట్టు బావా."

లోపల్నుంచి రిత్వా అరిచింది. "ఏంటి, వీడు ఒట్టేశాడా? వీడా? డంకన్, ఏదైనా కాగితం మీద రాయించుకో!"

మే మూడో శనివారం కర్లింగ్ క్లబ్బు హాల్లో నూట నలభై మంది దాకా చేరారు. విన్నిపెగ్ నుంచి ఒక బస్సు, డులూత్ నుంచి నాలుగు కార్లు. సగం మంది రేకు మీసాలు అంటించుకున్నారు. బల్ల మీద రెండు పెద్ద పెట్టెల నిండా పర్షియన్లు, అంటే మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా ఇంత బాగా చెయ్యని బన్నులు, పైన గులాబీ రంగు పళ్ళ క్రీము పూసి. సిమెంటు గచ్చు చివర గోడకి కొట్టం తలుపంత తెర కట్టారు.

జిజెల్‌ని అంతవరకూ ఎవరూ చూడలేదు. ఉత్తరాలు చదివి ఆరడుగుల మనిషనుకున్నాడు లోర్న్. తీరా చూస్తే భుజం దాకా కూడా రాలేదు, ఊలు స్వెట్టరు, బూడిదరంగు జుట్టు. అయినా ఆవిడ ఎదురుగా నిలబడగానే ఇతనే పొట్టివాడయ్యాడు.

"ఆ కళ్ళద్దాలు దేనికి, మిస్టర్ హాపాలా?"

"వెల్డింగ్ మెరుపు తగిలిందండీ. ఒంటిచేత్తో లారీని పైకెత్తి వెల్డింగ్..."

"సరే, కూర్చోండి."

మొదటి వరసలో డెస్మండ్ పర్డీ ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయి, పియానోలు శ్రుతి చేసి బతికే మనిషి. మోకాళ్ళ మధ్య తెల్ల కర్ర పెట్టుకుని, తల కొంచెం పక్కకి వాల్చి వింటున్నాడు. "మీ గొంతు నేననుకున్నట్టే ఉందండీ," అన్నాడు లోర్న్‌తో. "కొంచెం ఎక్కువ మాట్లాడే గొంతు."

లోర్న్ మేడ మీదికి ఒకసారి చూశాడు. అద్దం వెనక డంకన్ టోపీ కనపడింది. కళ్ళు మూసుకున్నాడు, మైకు దగ్గరికి లాక్కున్నాడు, మొదలెట్టాడు.

నిజం చెప్పొద్దూ, మొదటి పావుగంట దివ్యంగా నడిచింది. "చెక్క ఒక్కసారి మూలిగిందా, తెరచాప గుంజ పట్టుకోండి. రెండుసార్లు మూలిగిందా, వదిలేసి పరుగెత్తండి. మూడోది వినేదాకా ఉంటే మీరు నీళ్ళలో ఉన్నట్టే," అని లోర్న్ చెబుతుంటే, తెర మీద రేకు మనిషి అచ్చం అలాగే పట్టుకున్నాడు, వదిలాడు, పరుగెత్తాడు. జనం చప్పట్లు కొట్టారు. లోర్న్ ఉత్త కంట్రోలర్‌ని వీణ వాయించినట్టు వాయిస్తున్నాడు. మధ్యలో ఒకసారి ఆవలించాడు కూడా, ఇది తనకి నల్లేరు మీద బండి అని చూపించడానికి.

తర్వాత గుంజకి నడుము కట్టుకుని ఆగాల్సిన ఘట్టం వచ్చింది. తుపాను నెమ్మదించేదాకా రెండు నిమిషాలు ఏమీ చెయ్యనక్కర్లేదు, ఊరికే నిలబడాలి. హాలంతా నిశ్శబ్దం. నూట నలభై మంది, చేతిలో మైకు, చెప్పడానికి ఏమీ లేదు. ఉపవాసం ఉన్నవాడి ముందు విస్తరి వేసినట్టయింది లోర్న్ పని.

డులూత్ నుంచి వచ్చినాయన ఒకడు వెనకనుంచి అన్నాడు. "మీ వైపు చేపలు బాగా పెద్దవటగా?"

లోర్న్ పెదాలు బిగించాడు. మింగాడు. పది లెక్కపెట్టాడు. నాలుగు దాకా వచ్చాక, పేరు చెప్పకుండా చెబితే ఒట్టు తప్పినట్టు కాదని తోచింది.

"పెద్దవా? బాబూ, మా ఊళ్ళో ఒకాయన ఉన్నాడు. పేరెందుకులే. మంచు తోసే బండి నడుపుతాడు..."

పేరు లేకుండా చెప్పేసరికి కథకి ఇంకా రెక్కలొచ్చాయి. చేప ఈసారి చర్చి అంత అయింది. పొయ్యి మీద కాఫీ మరుగుతూనే ఉంది, ఆయన దారిలో రెండు కప్పులు తాగాడు. సరిహద్దు దగ్గర అధికారి, ఈ చేప మీ సొంతమా అనడిగాడు. హాలు దద్దరిల్లింది. కుర్చీలు తడుతున్నారు. లోర్న్ జీవితంలో అంతమంది అంతలా నవ్వింది ఎప్పుడూ లేదు. కింద మైకులో మాట్లాడిందంతా మేడ మీద బారులో కూడా మోగుతుందన్న సంగతి అతనికి తెలుసు. తెలిసీ మరిచిపోయాడు.

మేడ మీద డంకన్ కంట్రోలర్‌ని బల్ల మీద నెమ్మదిగా, గుడ్డు పెట్టినట్టు పెట్టాడు. వెళ్ళి బీరు చెప్పాడు.

కింద నవ్వుల్లో తుపాను నెమ్మదించిన చప్పుడు లోర్న్ చెవిన పడలేదు. అంచనా మీద మళ్ళీ అందుకున్నాడు. "ఇప్పుడు తాడు విప్పుకున్నా. చూశారా ఆ వేగం! తిమింగలం వీపెక్కా. తుప్పు తిమింగలం నన్ను చూసి భయపడింది. సాధారణంగా అది ఎవర్నీ చూసి భయపడదు." తెర మీద రేకు మనిషి గుంజకి కట్టి ఉన్నాడు. వాన పడుతోంది. టోపీ దగ్గర్నుంచి మెల్లగా గోధుమరంగుకి తిరుగుతున్నాడు. "దవడ చీల్చేశా!" అన్నాడు లోర్న్. రేకు మనిషి మీసం ఊడి కింద పడింది. జనం పొట్టలు పట్టుకున్నారు. ఇదంతా ముందే అనుకుని చేస్తున్న హాస్యమనుకున్నారు. ఆ నవ్వు వినేకొద్దీ లోర్న్ ఇంకా ఇంకా రెచ్చిపోయి, లేని రెండో తిమింగలాన్ని కూడా చంపాడు.

అప్పుడు డెస్మండ్ పర్డీ కర్ర ఎత్తి నేలమీద ఒకసారి తట్టాడు.

"ఏవండీ హాపాలా గారూ. చెక్క రెండుసార్లు మూలిగి చాలాసేపయింది. మీవాడు ఇంకా వదల్లేదు. తాడు బిగుసుకుంటున్న చప్పుడొస్తోంది. ఒంటి మీద వాన పడే చప్పుడు మారింది, తుప్పు పట్టేశాడు. మీరు ఏ తిమింగలం గురించి చెబుతున్నారు?"

నవ్వు ఆగిపోయింది. హాల్లో చూపు లేనివాడొక్కడే ఉన్నదున్నట్టు చూశాడు.

లోర్న్ కళ్ళు తెరిచాడు. ఎదురుగా కొట్టం తలుపంత తెర, దాన్నిండా సముద్రం, ఎడమకి ఒరిగి, కుడికి ఒరిగి, మళ్ళీ ఎడమకి. అతను కుర్చీలోంచి లేచి రెండడుగులు వేశాడు. చేతికందిన దాని మీదికి వంగాడు. అది పర్షియన్ల పెట్టె, రెండోది, ఇంకా తెరవనిది. మూత తెరిచేంత మర్యాద అయితే చూపించాడు.

ఎవరో నీళ్ళిచ్చారు. జిజెల్ వచ్చి ఎదురుగా నిలబడింది.

"బ్యాటరీ అయిపోయిందండీ," అన్నాడు లోర్న్.

ఆవిడ చేతులు కట్టుకుంది.

"పొద్దున తిన్న సాసేజ్..."

ఆవిడ తలెత్తి మేడ వైపు చూసింది. అందరూ చూశారు. అద్దం వెనక డంకన్ ఒక చేత్తో బీరు, ఇంకో చేత్తో కంట్రోలర్ ఎత్తి పలకరించాడు.

"ఆఖరి అధ్యాయం. అరవై ఒకటి అని ఉంది," అంది జిజెల్. "అసలు ఎన్ని?"

"అరవై... అంటే యాభై పైన..."

"ఎన్ని?"

"నలభై అనుకోండి."

"మిస్టర్ హాపాలా."

"పన్నెండు. కాదు, తొమ్మిది. తొమ్మిది మాత్రం ఖాయం. కానీ అవి మా బావవి." నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నావి సున్నా. నేను అటు తిరిగి కూర్చుని విన్నదే రాశా. ఓడ ఊగితే నాకు పడదండీ. చిన్నప్పట్నుంచీ పడదు. ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు."

ఇంత చిన్న మాట చెప్పడానికి అతనికి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు. రేకు మీసాలవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లోర్న్ వెళ్ళిపోదామని కోటు వెతుక్కున్నాడు. ఆ వాక్యం ఇప్పుడే, ఇక్కడే, తన మొహం మీదే రాసేస్తారనుకున్నాడు.

"అటు తిరిగి కూర్చున్నారా?" అన్నాడు డెస్మండ్. "అయితే నాలాగే రాశారన్నమాట." కర్ర పక్కవాడికిచ్చి లేచాడు. "ఆ అసలు కంట్రోలర్ కిందికి తెప్పించండి. నేనాడతా. ఈయన చెబుతారు. మధ్యలో చేపలొద్దు."

డంకన్ మెట్లు దిగి వచ్చి కంట్రోలర్ డెస్మండ్ చేతిలో పెట్టాడు. లోర్న్‌ని దాటుతూ ఆగాడు.

"కాఫీ కూడా తాగానా?"

"రెండు కప్పులే బావా."

"ఇంటికి రా. చెబుతా."

లోర్న్ కుర్చీని తిప్పి, తెరకు వీపు పెట్టి, జనం వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. మొదటి మెట్టు దగ్గర్నుంచి అప్పజెప్పడం మొదలుపెట్టాడు. కాగితం అక్కర్లేదు, పద్దెనిమిదేళ్ళుగా నోటికొచ్చు. డెస్మండ్ వేళ్ళు శ్రుతి చూసుకునే వేళ్ళలా నెమ్మదిగా కదిలాయి. మూలుగు, పట్టు. మూలుగు, మూలుగు, వదులు. గుంజ దగ్గర రెండు నిమిషాల నిశ్శబ్దంలో లోర్న్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. దాన్ని చూసి రిత్వా వెనక వరసలో ఫోటో తీసుకుంది.

ఏడో మెట్టు వచ్చింది. "ఇక్కడ ఓడ ముందున్న బొమ్మకి సలాం కొట్టండి. అప్పుడు తిమింగలం బలం సగానికి..."

"అది నేనెప్పుడూ కొట్టనండీ," అన్నాడు డెస్మండ్ ఆడుతూనే. "కొట్టిన ప్రతిసారీ చచ్చా. అది వదిలేసి చెప్పండి."

జనంలో గుసగుసలు. వాళ్ళలో చాలామంది పద్దెనిమిదేళ్ళుగా ఆ బొమ్మకి భక్తిగా సలాం కొడుతూ చస్తున్నారు. లోర్న్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మెట్టు రాసిన రోజు డంకన్ "ఆఁ" కూడా అనలేదు. అధ్యాయం అక్కడ చప్పగా ఉందనిపించి తనే కలిపాడు.

పగిలిన గొంతుతో గంట మోగింది. "నూనె డబ్బా," అన్నాడు లోర్న్ మెల్లగా. డెస్మండ్ దాన్ని తిమింగలం తెరిచిన నోట్లోకి విసిరాడు. తుప్పు తిమింగలం ఎంతసేపు అరిచిందో, ఎలా చచ్చిందో లోర్న్ చూడలేదు. ఎదురుగా నూట నలభై మొహాలు ఒక్కసారిగా పైకి లేవడం మాత్రం చూశాడు.

సందడి తగ్గాక జిజెల్ అతన్ని పక్కకి పిలిచింది. లోర్న్ కోటు చేత్తో పట్టుకునే వెళ్ళాడు.

"రెజైనా ఆయన పేజీలు ఎందుకు తీసేశానో తెలుసా?" అంది.

"అంకె తప్పేశాడని."

"ఆయన చెప్పిన దారిలో వెళితే తలుపు తెరుచుకోలేదు, అందుకని. మీ దారిలో వెళితే తెరుచుకుంటోంది. దారి పనిచేస్తోంది, మిస్టర్ హాపాలా. మీరే పనిచెయ్యరు." ఊలు స్వెట్టరు గుండీ పెట్టుకుంది. "అధ్యాయం ఉంటుంది. సలాం పోతుంది. మీ అంకెలు అన్ని పేజీల్లోనూ సున్నా అవుతాయి. మొదటి దీవిలో మంచం దిగే మెట్టు దగ్గర్నుంచి మళ్ళీ మీ చేత్తో ఆడి, ఒక్కొక్కటీ వేసుకోండి. ఆఖరి అధ్యాయం పైన, అది ఎలా రాశారో నాలుగు వాక్యాలు రాసి పంపండి. నిజం రాయండి. నేను చూసి పెడతా."

నాలుగు వాక్యాలే కదా అని ఆదివారం పొద్దున్నే రాసి పంపించాడు. గంటలో తిరిగొచ్చింది. 'పదకొండు బకెట్లు' అన్న చోట ఎర్ర గీత ఉంది. రెండోసారి, తనకున్నది ప్రపంచంలో ముగ్గురికే వచ్చే జబ్బని రాశాడు. తిరిగొచ్చింది. మూడోసారి డంకన్‌ని 'నా శిష్యుడు' అన్నాడు. ఆ కాపీని జిజెల్ నేరుగా డంకన్‌కే పంపింది. అతను ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఒక నిమిషం పాటు ఊపిరి పీల్చి పెట్టేశాడు. నాలుగోసారి అంతా నిజమే రాశాడు. చివర మాత్రం 'అని వినయంగా మనవి చేసుకుంటున్నాను' అని చేర్చాడు. దాని కింద జిజెల్ ఒక్క మాటే రాసింది. "వినయంగా?"

ఐదోసారి రాయడానికి నాలుగు రోజులు పట్టింది. గురువారం అది సైటులోకి ఎక్కింది.

"ఈ అధ్యాయాన్ని డంకన్ మెక్‌వికర్ తొమ్మిదిసార్లు ఆడాడు. నేను తెరకు వీపు పెట్టి కూర్చుని, విన్నది రాశాను. ఓడ ఊగితే నాకు వాంతి వస్తుంది. ఏడో మెట్టులో సలాం నేను కల్పించింది, అది కొట్టి చచ్చినవాళ్ళకి క్షమాపణ. లో.హా. × 0."

శుక్రవారం టైర్ల కొట్లో వేసవి టైర్ల వరస నడుస్తోంది. డంకన్ తన బండి తెచ్చి పక్కన ఆపాడు. లోర్న్ ఎవరో ముక్కూ మొహం తెలియనాయనకి చక్రం బిగిస్తూ చెబుతున్నాడు.

"పదకొండు మంది రాస్తాం సార్ మేము. మిగతా పదిమందీ మామూలువాళ్ళు, ఒకడికి నాలుగు, ఒకడికి ఇరవై. సైటు మొత్తంలో సున్నా ఉన్నది నా ఒక్కడికే."

ఆయన నమ్మనట్టు డంకన్ వైపు చూశాడు.

"అది నిజమే," అన్నాడు డంకన్.